రెండో నిమిషం పదకొండో సెకను

పాటని ఎప్పుడూ పాటలా వినలేదు నేను.
జీతమిచ్చింది తప్పులు వినమని.

రాచ్‌డేల్ కాలవ వెనక రికార్డుల ఫ్యాక్టరీ,
ఆవిరి పట్టిన అద్దాల గది,
చెవుల మీద రెండు నల్లటి మూకుళ్ళు,
నూలు చేతితొడుగులు, ఒక ఎర్ర చాక్‌పీసు.
ప్రతి అయిదు వందల్లో ఒకటి
మాడిన అట్టులా నల్లగా, వెచ్చగా
నా బల్ల మీద కొచ్చి పడేది.

ఎనభై రెండు, నవంబరు.
కోల్డ్ ఆల్మనాక్ అని ఇద్దరు కుర్రాళ్ళు,
ఓల్డమ్ వాళ్ళట, కళ్ళకి కాటుక.
ఒకడు పాడతాడు.
ఇంకొకడు ఇస్త్రీబల్ల మీద పెట్టిన సింథసైజర్ వెనక
బ్యాంకు గుమాస్తాలా కదలకుండా నిలబడతాడు.
పాట పేరు గ్లాస్ ట్రామ్.
రోజుకి ఇరవై వేలు కావాలని లండన్ నించి ఫోను.
మూడు షిఫ్టులు, ఆదివారం కూడా.
ప్రెస్సు దగ్గర లెవెలిన్ వేళ్ళు బొబ్బలెక్కాయి,
ప్యాకింగులో ఫిలిస్ తన పెళ్ళిరోజే మరిచిపోయింది.
దేశమంతా ఆ పాటకి ఊగుతోంటే
నేను అందులో రాళ్ళేరుతున్నాను.

దొరికింది.
రెండో నిమిషం పదకొండో సెకను,
గొంతు ఆగిపోయి, యంత్రం ఒక్కటే
చలిలో ఊపిరిలా పొగలు వదిలే చోట,
టిక్.
దుమ్ము కాదు. గీత కాదు.
పొడిగా, చిన్నగా, ఎవరో నాలిక చప్పరించినట్టు.
మళ్ళీ వేశాను. టిక్.
ఇంకోటి తెప్పించాను. అక్కడే. టిక్.
పెట్టెల మీద ఎర్ర ఇంటూలు గీసుకుంటూ పోయాను.

ఆరు వేల రికార్డులు
మధ్యాహ్నానికల్లా మరలో పడి నల్లటి నూకలయ్యాయి,
కరిగి, ఆ క్రిస్మస్‌కి
ఇత్తడి బాకాల వాళ్ళ కీర్తనలయ్యాయి.
ఎవరింట్లోనో ఇప్పటికీ
ఆ కీర్తనల కడుపులో ఈ పాట ఉండే ఉంటుంది.

సాయంత్రం ఫోర్‌మన్ ఆష్‌వర్త్ వచ్చాడు, మొహం బీట్‌రూట్.
"అది తప్పు కాదు ఎనిడ్, పాటే అంత.
ఆ కుర్రాడింట్లో మేడ మీద రికార్డు చేశార్ట.
వాళ్ళమ్మ రాత్రి డ్యూటీకి పోతూ
మెట్ల మీద లైటు ఆర్పింది. ఆ స్విచ్చు.
తీసేద్దామంటే వాడు ఒప్పుకోలేదు."
ఆ వారం జీతంలో రెండు పౌన్లు కోశారు.

ఇంటికెళ్ళే బస్సులో
వెనక సీటు పిల్లల రేడియోలో అదే వచ్చింది.
వాళ్ళు అరుస్తూ పాడుతున్నారు, సగం మాటలు తప్పు.
మొదటిసారి చేతిలో పని లేకుండా విన్నాను.
టిక్కు దగ్గర నా చెయ్యి దానంతటదే లేచింది.
చాక్‌పీసు లేదు.

ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు.
ఏ ఆస్పత్రి వార్డుకో, ఏ బిస్కెట్ల ఫ్యాక్టరీకో
కోటు గుండీలు పెట్టుకుంటూ దిగి ఉంటుంది.
మీటర్లో వేసే చిల్లర లెక్క తెలిసిన మనిషి.
పైన కొడుకు ఏదో మోగిస్తున్నాడు, సరే,
మెట్ల మీద లైటు దండగెందుకు?
అలా ఒక్క వేలితో
ముప్ఫై లక్షల ఇళ్ళల్లో దీపం ఆర్పింది.

ఫ్యాక్టరీలో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు.
మొన్న వసంతంలో మేనకోడలి కొడుకు ఫిన్లే
నా చెవుల్లో తెల్లటి గింజలు రెండు పెట్టాడు.
నలభయ్యేళ్ళ పండగట, పాట కొత్తగా కడిగారట.
నిజమే, ప్రతి చప్పుడూ తళతళలాడుతోంది.
నేను ముందుకి వంగి కూచున్నాను.
రెండు నిమిషాల తొమ్మిది.
పది.

పన్నెండు.

"ఒక్క మచ్చ కూడా లేదు కదా ఆంటీ" అన్నాడు.
లేదు నాయనా.
నా ఉద్యోగం నాకన్నా బాగా చేశారెవరో.
ఆ ఇంట్లో మెట్ల మీద లైటు
ఇక వెలుగుతూనే ఉంటుంది, తెల్లవార్లూ, అణాకానీ ఖర్చు లేకుండా,
కిందికి దిగొచ్చే మనిషి లేకుండా.

బీరువా పై అరలో ఒకటుంది, ఎర్ర ఇంటూ గీసింది.
ఆ రోజు కోటు కింద దాచి తెచ్చాను,
దొంగతనమే, ఇప్పుడెవరు పట్టుకుంటారు.
ఫిన్లే, కుర్చీ ఎక్కి ఆ పెట్టె దించు.
సూది మార్చాలేమో చూడు.